పంచకూడని పద్నాలుగు

ఉకయాలి నది మీద మంచు ఇంకా లేవలేదు. రెషిన్ మాత్రం లేచి, పొయ్యి రాజేసి, పచ్చి అరటికాయలు కాలుస్తోంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో పనిచేసే కూతురు యాకా ఆమె నడకనే గమనిస్తోంది. ఒక చెయ్యి పొయ్యి మీద, ఒక చెయ్యి పొత్తికడుపు మీద. తీగ మీద అప్పుడే ఉతికి ఆరేసిన పావడా. నిన్నా ఉతికింది, మొన్నా ఉతికింది.

“అమ్మా, మందు వేసుకున్నావా?”

“అయిపోయిందిగా.”

“అయిపోవడమేంటి? రోజుకి రెండు, ఏడు రోజులు. ఇవాళ మూడో రోజు!”

రెషిన్‌కి ఉన్నట్టుండి అరటికాయలు మాడిపోతాయేమోనన్న బెంగ పట్టుకుంది. అటు తిరిగి కూర్చుంది.

ఇంతలో పిన్ని బీరీ మెట్లెక్కి వచ్చింది. “అక్కా, ఆ తెల్ల బిళ్ళలు ఇంకో రెండు పెట్టవే. దురద తగ్గింది గానీ వాసన పోలేదు...” యాకాని చూసి నాలిక కరుచుకుంది. కానీ మాట అప్పటికే గడప దాటింది.

యాకాకి లెక్క తెలిసిపోయింది. తల్లి నాలుగు మింగింది. బీరీకి నాలుగు, పెద్దమ్మ సాంకెన్‌కి నాలుగు, మిగిలిన రెండూ పక్కింటి కోడలికి.

“వైద్యం చెయ్యమంటే నైవేద్యం చేసి పంచిపెట్టావా!”

“పంచకేం చేస్తారు? పంది దొరికితే మూడు పొయ్యిలకీ పంచుతాం. చెల్లెలు గోక్కుంటూ కూచుంటే నేనొక్కదాన్నే గుటుక్కుమనిపించనా? నన్ను యొఆషి అనరూ?”

యొఆషి అంటే పిసినారి. ఆ ఊళ్ళో దొంగా అన్నా నవ్వేసి ఊరుకుంటారు. ఈ మాట పడితే మాత్రం మూడు తరాలు తల ఎత్తుకోలేరు.

“మరి మీరు ముగ్గురూ నా దగ్గరికి రావచ్చుగా పిన్నీ?”

“నీకు నీళ్ళు పోసి పెంచినదాన్ని. ఇప్పుడు నీ ముందు కాళ్ళు చాపి పడుకోనా? సిగ్గుండక్కర్లా!” అంది బీరీ.

అరుపులు విని పెద్దమ్మ సాంకెన్ కూడా వచ్చేసింది. ఆమె వస్తే ఇల్లు సగం నిండుతుంది, నోరు తెరిస్తే మిగతా సగం.

యాకా లోపలికెళ్ళి, కేంద్రం నుంచి తెచ్చి ఉంచిన ఆఖరి పొట్లం పట్టుకొచ్చింది. “ఇదొక్కటే ఉంది. ఇది అమ్మకి. అమ్మకొక్కదానికే.”

“అబ్బో! ఊరందరి మందూ తల్లికేనా? మా ఒళ్ళు ఒళ్ళు కాదా?” అంది సాంకెన్. “చదువుకి పంపితే లెక్కలు నేర్చుకొస్తావనుకున్నాం. తీసివేతలు ఒక్కటే నేర్చుకొచ్చావే!”

“మాట పడేది నేనమ్మా, నువ్వు కాదు,” అంటూ రెషిన్ పొట్లం లాక్కుంది. “ఇదిగో అక్కా, నీకు నాలుగు...” గోటితో రేకు చించబోయింది.

“చించకు!” యాకా తల్లి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. “నీది ఉత్త చీము కాదమ్మా. నీ గర్భసంచి మూతి దగ్గర చెడ్డ మచ్చ ఉంది. వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది. వచ్చే శుక్రవారం పట్నంలో కోసి తీసేస్తారు. ఈ చీము తగ్గకుండా వెళ్తే వెనక్కి పంపేస్తారు. మళ్ళీ నాలుగు నెలలకి గానీ వంతు రాదు.”

కాలుతున్న అరటికాయ ఒకటి టప్పున పగిలింది. ఎవరూ తిరిగి చూడలేదు.

“నీకెప్పుడు తెలిసింది?” అంది రెషిన్.

“పట్నం నుంచి పరీక్ష కాగితం వచ్చి నాలుగు రోజులైంది. భయపడతావని...”

“నాలుగు రోజులు దీన్ని నువ్వొక్కదానివే నములుతున్నావా?” అంది రెషిన్. “బిళ్ళలు పంచానని నన్ను తిడుతున్నావు. మాట దాచుకున్నావే, దాన్నేమంటారు? ముందే చెప్పుంటే నేను పంచేదాన్నా? వీళ్ళు పుచ్చుకునేవాళ్ళా? ఈ ఇంట్లో యొఆషి ఎవరే?”

తల్లిని కాపాడుతున్నాననుకుంది యాకా. తల్లి జబ్బుని తల్లికి దక్కకుండా దాచి, ఆ జబ్బునే కాపాడింది. మోకాళ్ళ మీద కూలబడి తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది.

సాంకెన్ ముక్కు చీదుకుని వచ్చి, చెల్లెలి చేతిలోంచి పొట్లం తీసుకుంది. “ఇకనుంచి ఇది నా దగ్గరుంటుంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి నేనే ఇస్తాను. ఇది అయ్యేదాకా మసాటో కల్లు వాసన కూడా చూడనివ్వను. శుక్రవారం పడవలో మేమూ వస్తాం. మా మందు మేం తెచ్చుకుంటాం.”

“అప్పటిదాకా మీరెలా అక్కా?”

“ఇన్నేళ్ళూ గోక్కోలేదూ? ఇంకో తొమ్మిది రోజులు గోక్కుంటాం,” అంది బీరీ. “యాకా, పట్నంలో నా పక్కనే నుంచోవే. కాళ్ళు చాపాలంటే నీ చెయ్యి పట్టుకోవాలి.”

“పట్టుకుంటా పిన్నీ.”

సాంకెన్ ఒక బిళ్ళ తీసి రెషిన్ అరచేతిలో పెట్టింది. రెషిన్ దాన్ని చూసింది, తర్వాత ముగ్గురి మొహాలూ చూసింది. పుట్టి యాభై రెండేళ్ళు, నలుగురి మధ్య కూర్చుని ఒక్కతే ఏదీ తినలేదు. చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

“మింగవే! పెద్దదాన్ని చెప్తున్నా,” అంది సాంకెన్.

రెషిన్ కళ్ళు మూసుకుని మింగింది. కన్నీళ్ళు చెంపల మీదికి జారాయి.

“ఎలా ఉంది?”

“చేదు.”

“అయితే మాకొద్దులే,” అంది సాంకెన్, పావడా అంచుతో చెల్లెలి చెంపలు తుడుస్తూ.