వదినకొచ్చిన సీటు

అలాట్‌మెంట్లు వచ్చాయి. హేమశ్రీ ఫోన్‌లో చూసింది... మళ్ళీ చూసింది. తర్వాత ఆ ఫోన్‌ని వదిన రాణి చేతిలో పెట్టి, గదిలోకెళ్ళి గడియ పెట్టేసుకుంది!

"ఏంటే రాణీ? మెడికల్ సీటొచ్చిందా, లేదా?" చేపల బుట్ట దించకుండానే అడిగింది అత్తగారు పెద్దింట్లమ్మ.

"వచ్చిందత్తయ్యా..." రాణి గడియ పెట్టిన తలుపు వైపు చూసింది. "హేమకి కాదు... నాకు!"

"నీకా? నీకెందుకొచ్చింది?"

రాణీ అదే అనుకుంది. నిజమే! తనకెందుకొచ్చింది? ఇంటర్ బైపీసీ అవ్వగానే పెళ్ళయి, పిఠాపురానికి అవతల సముద్రం ఒడ్డునున్న ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. ముప్ఫయ్యో ఏడు దగ్గర పడుతోంది. బడికెళ్ళే కూతురుంది. నిరుడు నీట్‌లో తప్పిన ఆడపడుచు ఒక్కతే చదవలేనని ఏడిస్తే, ఓ చేత్తో పులుసు కలుపుతూ, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగేది. "ఇప్పుడు వయసు పట్టింపు లేదు వదినా, నువ్వూ రాసెయ్! నాకు తోడుగా ఉంటావు" అంటూ దరఖాస్తు పెట్టింది హేమశ్రీయే. ర్యాంకుల్లో రాణి ముందున్నా అందరూ నవ్వుకున్నారు. ఎలాగోలా తనకీ వస్తుందన్న ఆశతో, వదిన కాలేజీల ఆప్షన్లు కూడా ఆ పిల్లే పెట్టింది. చివరికి తోడు వెళ్ళినదానికి దారి దొరికింది... వెళ్ళాల్సిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది!

రెండు రోజులు పెద్దింట్లమ్మ కోడలితో మాట్లాడలేదు. చేపల వేట నుంచి తిరిగొచ్చిన రాణి భర్త చంద్రరావు విషయం విని, అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నిన్ను చూస్తే ఛాతీ పొంగుతోంది రాణీ... చెల్లిని చూస్తే తలెత్తలేకపోతున్నాను. నవ్వాలో ఏడవాలో నాకే తెలీట్లేదు!"

రాణి పరిస్థితీ అదే. సంతోషపడితే పాపం, ఏడిస్తే అబద్ధం! బోధనాసుపత్రి, తెల్ల కోటు... ఒక్క క్షణం మనసు ఎగిరేది. మరుక్షణం ఆ మూసిన తలుపు కనిపించేది. ఆఖరికి ఆ తలుపు ముందే నిలబడి అంది:

"హేమా, నేను చేరనమ్మా... నాకొద్దు ఆ సీటు. నువ్వు అన్నం తిను చాలు!"

తలుపు విసురుగా తెరుచుకుంది. హేమశ్రీ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"నువ్వు మానేస్తే అది నాకొస్తుందా? ముక్కూమొహం తెలీని ఎవరికో పోతుంది! వదిన నా కోసం చదువు మానుకుందని ఊరంతా చెప్పుకుంటారు. జన్మంతా ఆ బరువు నేను మొయ్యాలా? నాకు నీ మీద కోపంగా ఉంది వదినా... చాలా కోపంగా ఉంది. నువ్వేం తప్పు చేశావో మాత్రం తెలీట్లేదు. అయినా సరే, వెళ్ళు!"

అంటూనే రాణి భుజమ్మీద వాలి భోరుమంది. రాణీ ఆగలేకపోయింది. పెద్దింట్లమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

కాలేజీలో చేరాల్సిన రోజుకి చంద్రరావు బోటు సముద్రంలో ఉంది. రాణి ఒంటరిగా బయల్దేరబోతుంటే, ఉతికిన చీర కట్టుకుని అత్తగారు ముందే గుమ్మంలో నిలబడింది. "పద" అందంతే! సాగనంపడానికా... ఆపడానికా? రాణికి అర్థం కాలేదు. రాజమండ్రి వరకూ బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళిద్దర్నీ చూసి, "పేరెంట్స్ అటు నీడలో కూర్చోండమ్మా. పిల్లల్ని మాత్రమే లోపలికి పంపండి" అన్నాడు.

రాణి వెళ్ళి తల్లుల పక్కన బెంచీ మీద కూర్చుండిపోయింది! తన చోటు అదేనేమో... చుట్టూ అంతా పద్దెనిమిదేళ్ళ పిల్లలు!

పెద్దింట్లమ్మ గబగబా వచ్చి ఆమె చెయ్యి పట్టి లేవదీసింది. వాచ్‌మన్ ముందుకు తీసుకెళ్ళింది.

"చదువుకునేది ఈవిడేనండి. మా కోడలు!" అంది గట్టిగా.

అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అత్తయ్యా..."

"ఏం లేదు, వెళ్ళవే! పాపకి జడ నేనేస్తాలే... వెళ్ళు!"

ఆ కన్నీళ్ళు కూతురి కోసమో, కోడలి కోసమో... రాణి అడగలేదు. అడిగితే ఆవిడకైనా తెలుసో లేదో! వంగి అత్తగారి పాదాలకు దణ్ణం పెట్టి, పిల్లల వరుసలోకి వెళ్ళి నిలబడింది.