రెండు బాణాల మీటరు

బిల్లింగ్ సెక్షన్ కౌంటర్ మీద ఆ అమ్మాయి ఒక కరెంటు బిల్లు పరిచి, దాని మీద వేలు ఆనించి నిలబడింది.

"ఈ రీడింగ్ తీసిందెవరండీ?"

లోపల టీ తాగుతున్న మీటరబ్బాయి లేచి వచ్చాడు. అతను ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. రోజుకు రెండు వందల ఇళ్లు తిరుగుతాడు. ఇంతవరకూ ఒక్క తప్పు రీడింగ్ కొట్టలేదని ఆఫీసులో అతనికి పేరు. ఆ పేరంటే అతనికి మురిపెం కూడా. అందుకే బిల్లు వంక చూడకుండానే, నేనే అన్నాడు.

ఆమె భుజాన ఉన్న సంచిలోంచి స్పానర్ ఒకటి తొంగి చూస్తోంది. ముక్కు మీద కాస్త సిమెంటు దుమ్ము. డాబాల మీద సోలార్ ప్యానెల్స్ బిగించే కంపెనీలో ఇంజనీరునని చెప్పింది. కిందటి నెలలో ఇస్త్రీ దుకాణం నడిపే పెద్దమ్మ ఇంటికి తనే దగ్గరుండి ప్యానెల్స్ పెట్టించిందట. బిల్లు నాలుగో వంతుకి పడిపోతుందని మాట కూడా ఇచ్చిందట. తీరా చూస్తే బిల్లు ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది.

అతను అంకె చూశాడు. నాలుగు వందల పన్నెండు యూనిట్లు. బాగా గుర్తుంది. మీటరులో కనబడిందే కొట్టానని, ప్యానెల్స్ పనిచేయకపోతే తమనడిగి లాభమేంటని, వెనక కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా అన్నాడు.

"అంకె కరెక్టే," అందామె. "వరసే తప్పు. ఆవిడ కప్పు మీద పుట్టిన కరెంటుని తీసుకెళ్లి ఆవిడకే అమ్మారు మీరు."

అతనికి ముక్క అర్థం కాలేదు. మాట కష్టమైనదవడం వల్లా, లేక ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ల వంక చూడటం వల్లా అన్నది కూడా తేలలేదు. టీ గ్లాసు కౌంటర్ మీదే వదిలేసి ఆమె స్కూటర్ వెనక సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు.

ఇస్త్రీ పెద్దమ్మకి ముందు గదే దుకాణం. రెండు బల్లలు, రెండు కరెంటు ఇస్త్రీపెట్టెలు, గోడ పొడుగునా మడతపెట్టిన చొక్కాల దొంతరలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెట్టె చల్లారదు కాబట్టి ఆవిడకి బిల్లు వస్తుందంటేనే దడ. ఏళ్ల తరబడి దాచుకున్నదంతా తీసి ఆ ప్యానెల్స్ పెట్టించింది. ఇప్పుడా అమ్మాయి గుమ్మంలోకి వస్తే తలెత్తి చూడకుండా కాలరు మీద పెట్టె మరింత గట్టిగా నొక్కింది.

మీటరు బయట గోడకుంది. కొత్త రకం. తెర మీద ఒక అంకె వచ్చి, కాసేపుండి మాయమై, దాని చోట ఇంకోటి వస్తోంది. మొదటి అంకె పక్కన ఇంటివైపు తిరిగిన చిన్న బాణం ఉంది. అది వీధి లైను నుంచి ఇంట్లోకి వచ్చిన కరెంటు. రెండో అంకె పక్కన బాణం బయటికి తిరిగి ఉంది. అది పెద్దమ్మ వాడుకోగా మిగిలి లైనులోకి వెళ్లిన కరెంటు. మొదటిది వంద దాటలేదు. నాలుగు వందల చిల్లర ఉన్నది రెండోది.

అంటే పెద్దమ్మ వీధికి ఇచ్చినదాన్ని, వీధి నుంచి వాడుకున్నట్టుగా అతను కొట్టేశాడు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. తన ఏరియాలో ఇలాంటి మీటరు రావడం ఇదే మొదలని, ఎలా చదవాలో ఎవరూ చెప్పలేదని అనొచ్చు. అనలేదు. తప్పు నాదేనండీ అన్నాడు. సాకు చెప్పకపోవడం ఆమె గమనించింది. అంతవరకూ బిగించి పట్టుకున్న సంచి పట్టీని కాస్త వదులు చేసింది.

కానీ జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. తను మోసపోయానని పెద్దమ్మ వీధంతా చెప్పేసింది. ప్యానెల్స్ పెట్టించుకుంటామన్న నాలుగిళ్లవాళ్లూ వెనక్కి తగ్గారు. నెలాఖరులోగా ఆ నాలుగు ఆర్డర్లూ రాకపోతే కంపెనీ ఆమెని వేరే ఊరికి పంపేస్తుంది.

ఆఫీసులో సూపర్నెంటు అంతా విని, దీనికింత గొడవెందుకన్నాడు. వచ్చే నెల బిల్లులో సర్దేస్తే ఎవరికీ తెలియదు. కాగితం మీద పెడితే మాత్రం ఫైల్లో మచ్చ పడుతుంది, వచ్చే ఏడు రావాల్సిన ప్రమోషన్ ఆగిపోతుంది. మీటరబ్బాయి ఒక తెల్ల కాగితం ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత తప్పు తనదేనని నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాడు. మూడో రోజున సరైన బిల్లు వచ్చింది. దాన్ని తనే తీసుకెళ్లి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివించుకుని, ఆ పిల్లని నానా మాటలూ అన్నానే నాయనా అని చెంపలేసుకుంది.

ఆ సాయంత్రం ఆఫీసు గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఈసారి ముక్కు మీద దుమ్ము లేదు. నాలుగిళ్లకీ తనతో పాటు రమ్మని అడిగింది.

"నేను చెబితే సేల్స్ అంటారు. మీరు చెబితే రీడింగ్ అంటారు," అంది.

వెళ్లాడు. ఒక్కరోజు కాదు, వారం పాటు. ఆడవాళ్ల ఎదుట నోరు పెగలని మనిషి, యూనిట్ల సంగతి వచ్చేసరికి అనర్గళంగా మాట్లాడాడు. పగలంతా ఇంట్లో మనుషులుండి కరెంటు వాడే ఇళ్లకి లాభం ఎక్కువని, మబ్బు పట్టిన రోజున కరెంటు తగ్గుతుందని, తాళం వేసి పోయే ఇంటికి అంత ఉపయోగం ఉండకపోవచ్చని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. బయటికొచ్చాక ఆమె తల పట్టుకునేది. ఇంత బాగా వద్దని చెప్పే సేల్స్‌మన్ మా కంపెనీలో కూడా లేడండీ అని ఏడిపించేది. చిత్రంగా, ఆ వద్దనే మాటలు నచ్చే మూడిళ్లవాళ్లు సంతకాలు పెట్టారు.

ఒకరోజు వాన పట్టుకుంది. ఇద్దరూ పరుగెత్తి మూసేసిన మందుల షాపు చూరు కింద నిలబడ్డారు. చూరు చిన్నది. మాట్లాడకపోతే బాగుండదని, వాన పడితే మీ కంపెనీకి నష్టం కదండీ అన్నాడు. ప్యానెల్స్ మీది దుమ్మంతా ఊరికే కడిగేస్తుంది, మంచిదేనంది ఆమె. జడలోంచి ఒక చుక్క జారి అతని మణికట్టు మీద పడింది. వాన తగ్గాక కూడా అతను దాన్ని తుడుచుకోలేదు. అసలు వాన ఎప్పుడో తగ్గిందని ఇద్దరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

నెలాఖరుకి రెండు రోజులుందనగా నాలుగో ఇంటాయన ఖాయంగా వద్దన్నాడు. మర్నాడు పొద్దున్నే మీటరబ్బాయి ఆమె కంపెనీకి ఫోన్ చేసి, తమ ఇంటికి ప్యానెల్స్ కావాలన్నాడు.

టేపు పట్టుకుని ఆమె వచ్చింది. తలుపు తీసిన అతని తల్లిని ఆంటీ అని పలకరించి డాబా ఎక్కింది. నాలుగు వైపులా చూసింది. పక్కన నాలుగంతస్తుల మేడ. దాని నీడ వీళ్ల డాబా మీద దుప్పటి కప్పినట్టు పరుచుకుని ఉంది. ఇంటి బిల్లు అడిగి చూసింది. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. టేపు విప్పనే లేదు.

"ఈ నీడలో, ఈ బిల్లుకి ప్యానెల్స్ పెట్టిస్తే, మీ ఖర్చు తిరిగొచ్చేసరికి మీకు మనవలు పుడతారండీ," అంది.

"మనవలు పుట్టాలన్నా ముందు..." అని అతను ఆగిపోయాడు.

"ముందు?"

అతను మెట్ల వైపు చూశాడు, మేడ వైపు చూశాడు, చివరికి ఆమె వైపు చూశాడు.

"ఆ ఒక్క ఆర్డరు రాకపోతే మీరు వెళ్లిపోతారు. మీరు వెళ్లకూడదు, అందుకని. మీరంటే నాకు చాలా ఇష్టం. ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే చెబుతున్నాను."

ఆమె టేపు డబ్బాని సంచిలో పెట్టేసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఈ ఆర్డరు నేను తీసుకోను. బిల్లు తగ్గదని తెలిసీ అమ్మితే, పెద్దమ్మ అన్న మాటే నిజమవుతుంది."

"మరి నేనన్న రెండో మాటకి?"

ఈలోగా మెట్ల మీంచి అతని తల్లి రెండు గ్లాసుల నిమ్మరసంతో పైకి వచ్చింది. ఎంతసేపటి నుంచి ఆ మెట్ల మీద ఉందో గాని, ముఖంలో నవ్వు ఆపుకోలేకపోతోంది.

"మన ఎండంతా మింగేస్తున్నది ఆ మేడేరా," అంది కొడుకుతో. "ఆ మేడ ఓనరావిడ రోజూ నాతో వాకింగ్‌కి వస్తుంది. లిఫ్టుకీ నీళ్ల మోటార్లకీ వచ్చే బిల్లు తలచుకుని ఒకటే గోల. ఇద్దరూ వెళ్లి అడగండి. నేను పంపానని చెప్పండి."

మేడ ఆవిడ ఏడాది బిల్లులన్నీ తెచ్చి బల్ల మీద పోసింది. మీటరబ్బాయి ఒక్కొక్కటీ చదివాడు, సోలారమ్మాయి లెక్క కట్టింది. నెలకెంత తగ్గుతుందో, ఏ నెలల్లో తగ్గదో చెప్పారు. ఆవిడ ఆ లెక్కలనీ వీళ్ల ముఖాలనీ మార్చి మార్చి చూసి, సంతకం పెట్టేసింది.

కొలతలకని ఇద్దరూ నాలుగో అంతస్తు పైకి ఎక్కారు. అక్కడ నీడన్నది లేదు. ఈ చివర టేపు అతను పట్టుకున్నాడు, ఆ చివర ఆమె. అంకె రాసుకోబోతూ ఆమె పిట్టగోడ మీంచి కిందికి వంగింది. అతని ఇంటి డాబా మీద అమ్మ తల పైకెత్తి, ఏమైందని చేత్తో అడుగుతోంది.

"అత్తయ్యా, ఇక్కడ ఎండ బ్రహ్మాండంగా ఉంది," అని కేకేసింది.

గంట కిందట గుమ్మంలో ఆమే తన తల్లిని ఆంటీ అని పిలిచిందని అతనికి బాగా గుర్తుంది. టేపు చేతిలోంచి జారి చర్రున చుట్టుకుపోయింది.

కింద అమ్మ రెండు అరచేతులూ నోటికి అడ్డంపెట్టుకుంది.

"వాడికి వినబడిందా?"

"వినబడింది," అన్నాడతను, పక్కనున్నవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా.

ఆమె అతని ముఖంలోకి చూసి, నవ్వుతూ మళ్లీ కిందికి వంగింది.

"వినబడిందట అత్తయ్యా."