డిస్కు మీద గీత

మౌస్‌ని బల్లకేసి కొట్టింది దీపిక.

"మళ్లీ పోయింది!"

కంప్యూటర్ తెర మీద ఎర్ర అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో వచ్చింది. దీపిక దాన్ని చదవలేదు. 'ఓకే' అన్నచోట కసిగా నొక్కింది. డిస్కులోకి వీడియో ఎక్కేలోపు ఆడుకుందామని తెరిచిన కార్ల గేమ్ కూడా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కంప్యూటర్ ట్రే బయటికొచ్చింది. అందులోని డిస్కుని తీసి కిటికీలోకి విసిరేసింది. అంతకుముందు పాడైన డిస్కు అప్పటికే అక్కడ పడి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అది. సాయంత్రానికల్లా డీవీడీ తయారవ్వాలి.

క్రిస్మస్‌కి నూజెండ్ల చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు నాటకం వేశారు. దీపిక నాయనమ్మ ఎస్తేరు అందులో హేరోదు రాజు. కాటుకతో మీసాలు దిద్దుకుని, దుప్పటి భుజాన వేసుకుని ఆమె గర్జిస్తుంటే చర్చంతా ఒకటే నవ్వులు. మూడో తరగతి చదివే దీపిక తమ్ముడు రవి, అట్ట కత్తి పట్టుకుని రాజు పక్కన నిలబడ్డ సిపాయి. దీపిక అదంతా అమ్మ ఫోన్లో వీడియో తీసింది.

నాయనమ్మ దాన్ని ఇంతవరకు సరిగా చూడనేలేదు.

"ఈ ఫోన్లో చీమల్లాగా కనపడతన్నామే. నా కళ్లకి ఆనటల్లా. నా టీవీలో ఏసి చూపిచ్చు" అంది.

ఆమె ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ. దాని పక్కన అంతే పాత డీవీడీ ప్లేయర్. పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు దానికి. డిస్కు వేస్తేనే ఆడుతుంది.

"నేను చేసిస్తాగా నాయనమ్మా!" అని మాటిచ్చింది దీపిక. ఏడో తరగతిలో కంప్యూటర్ సార్ ఏం అడిగినా ముందు లేచే చెయ్యి తనదే. మామయ్య వాడి వదిలేసిన కంప్యూటర్ ఇంట్లో ఉంది. డిస్కులు రాసే డ్రైవ్ కూడా ఉంది దానికి. లారీ నడిపే నాన్న కృపానందం, వినుకొండంతా తిరిగి ఒక స్టూడియోలో మిగిలిపోయిన ఖాళీ డిస్కులు పట్టుకొచ్చాడు.

"ఇప్పుడు ఇయ్యి ఎవురూ అమ్మట్లేదంట. జాగర్త" అని చెప్పి మరీ ఇచ్చాడు.

దీపిక మంచినీళ్లు తాగొద్దామని వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి రవి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెన్సిల్‌కి డిస్కు గుచ్చి గిరగిరా తిప్పుతున్నాడు.

"ఒరేయ్!"

ఆ అరుపుకి రవి ఉలిక్కిపడ్డాడు. డిస్కు జారి గచ్చు మీద దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది.

"ఇది నువ్వు పారేసిందేగా అక్కా! కిటికీలో ఉంటే తీసుకున్నా."

"అబద్ధాలాడమాక! అన్నిటినీ నువ్వే గీకి ఉంటావ్. అందుకే ఎక్కట్లా!"

"మంచివి నేను ముట్టుకోలా!"

దీపిక డిస్కు తీసి వెలుతురులో చూసింది. వేలెడు పొడుగు గీత. ఇంకేం కావాలి? "నాన్నా!" అని కేకేసింది.

రాత్రంతా లారీ తోలొచ్చి నిద్రపోతున్న నాన్న, ఎర్రటి కళ్లతో లేచొచ్చాడు. దీపిక చేతిలో గీత పడ్డ డిస్కు చూశాడు. రవి చేతిలో పెన్సిల్ చూశాడు.

"ఎంత తిరిగితే దొరికినయ్ రా అయ్యి!" అని వీపు మీద ఒక్కటిచ్చాడు.

రవి ఏడవలేదు. పిడికిళ్లు బిగించి, "నేను కాదు" అన్నాడు.

"ఎదురు మాట్టాడతన్నావా? ఇయ్యాల నాయనమ్మ ఇంటికి నువ్వు రాబాక. ఇంట్లోనే ఉండు."

దీపిక ఇంకో డిస్కు పెట్టింది. కోపంలో ఆడుకోవాలని కూడా అనిపించలేదు. గేమ్ మూసేసి, చేతులు కట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చుంది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. పని పూర్తయిందని ఆకుపచ్చ టిక్ వచ్చింది.

"చూశావా అమ్మా! వాడు దూరంగా ఉంటే ఎంత బాగా ఎక్కిందో!"

గుమ్మంలో ఉన్న రవికి వినపడేలాగే అంది.

* * *

నాయనమ్మ ఇంటి ముందుగది నిండిపోయింది. నాటకం వేసిన వాళ్లంతా మిరప కోత నుంచి పెందలాడే వచ్చి, స్నానాలు చేసి, చాపల మీద కూర్చున్నారు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ కూడా కుర్చీ తెచ్చుకుని మరీ వచ్చింది.

దీపిక డిస్కు వేసింది. ప్లేయర్ గుర్రుమంది. టీవీలో నీలం రంగు వచ్చింది. దాని మీద తెల్లటి అక్షరాలు: 'డిస్క్ ఎర్రర్'.

తీసి, గౌనుకి తుడిచి మళ్లీ వేసింది. మళ్లీ అదే. ప్లేయర్ నెత్తిన అరచేత్తో ఒక్కటేసింది. ఏం లాభం లేదు.

"ఏమే దీపికా, కాయలు సగంలో వదిలేసి వచ్చామే!" అంది నాటకంలో దేవదూత వేసిన ఎల్లమ్మ.

దీపిక చెవులు వేడెక్కాయి. అందరూ తన వైపే చూస్తున్నారు.

"మా రవిగాడే గీకాడు! వాడే డిస్కులన్నీ పాడు చేశాడు!" గట్టిగా అరిచింది.

"ఎంత పని చేశాడు!" అంది ఆదిలక్ష్మమ్మ.

"ఆడేడే?" అని అడిగింది నాయనమ్మ.

"నాన్న రావొద్దన్నాడు."

నాయనమ్మ లేచి టీవీ కట్టేసింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చేసరికి రవి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆడిందా?" అన్నాడు.

"నీ వల్ల నా పరువు పోయింది!"

రవి లేచి లోపలికి వెళ్లాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఎంత పిలిచినా అన్నానికి లేవలేదు.

దీపిక కోపం ఇంకా తగ్గలేదు. "నాన్నా, నువ్వే చూడు, వాడెట్టా పాడు చేశాడో" అంటూ ఆ డిస్కుని కంప్యూటర్లో పెట్టింది.

తెర మీద నాయనమ్మ మీసాలతో ప్రత్యక్షమైంది. ఎక్కడా ఆగలేదు, గీతలు పడలేదు. నాటకమంతా చక్కగా నడిచింది.

"బానే ఉందిగా. మరి ఆడ ఎందుకు ఆడలా?" అన్నాడు నాన్న.

దీపిక డిస్కు తీసి లైటు కింద పట్టుకుని చూసింది. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

* * *

మర్నాడు బడి నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. డిస్కులు రాసే ప్రోగ్రాం తెరిచింది. మొదట్లోనే రెండు బొమ్మలు వచ్చాయి. ఇన్నిసార్లూ మొదటి దాని మీద చూడకుండా నొక్కేసింది. ఇవాళ కింద ఏం రాసుందో కూడబలుక్కుని చదివింది. మొదటిది ఫైళ్లు దాచుకునే డిస్కు. రెండోది ఇంట్లో ప్లేయర్‌లో చూసుకునే వీడియో డిస్కు.

తను చేసింది ఫైళ్ల డిస్కు. అది కంప్యూటర్‌కి అర్థమవుతుంది. నాయనమ్మ పాత ప్లేయర్‌కి కాదు.

రెండో బొమ్మ నొక్కింది. పని మొదలైంది. ఇది చాలాసేపు పట్టేలా ఉంది. అలవాటుగా కార్ల గేమ్ తెరిచింది. కాసేపటికే ఎర్ర అక్షరాలు వచ్చాయి.

మౌస్ ఎత్తింది. కొట్టబోయి ఆగి, చదివింది. కంప్యూటర్ ఒకేసారి ఇన్ని పనులు చెయ్యలేకపోతోందట. మిగతా ప్రోగ్రాములన్నీ మూసి, తక్కువ స్పీడులో రాయమని చెబుతోంది.

నిన్న కూడా ఇదే చెప్పి ఉంటుంది. అంతకుముందు పాడైన దానికీ ఇదే.

రవి ఇంట్లోనే లేడు. ట్యూషన్‌కి వెళ్లాడు.

గేమ్ మూసేసి, ఇంకో డిస్కు పెట్టింది. అది పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుంది. డిస్కు తీసుకుని నాయనమ్మ ఇంటికి పరిగెత్తింది. ప్లేయర్‌లో వేస్తే టీవీ నిండా చర్చి కనిపించింది.

నాయనమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది. "మా తల్లే! పొద్దుగూకినాక అందర్నీ పిలుత్తా. రవిగాడ్ని గూడా తీసకరా. చిన్నోడేగా, ఈ ఒక్కసారికి తప్పు కాయమని మీ నాన్నకి ఫోన్ జేసి చెప్తాలే."

దీపిక తలూపి బయటికొచ్చేసింది.

ఇంటికి నడుస్తుంటే రవి మీదే కోపం వచ్చింది. వాడు తప్పు చేసి ఉంటే ఎంత బాగుండేది! ఎవరికీ ఏమీ తెలియదు. డిస్కు బాగానే ఆడుతోంది. ఊరుకుంటే సరిపోతుంది. అలా అనుకున్నకొద్దీ కోపం ఎక్కువైంది. ఇంటి మలుపు దగ్గరికొచ్చేసరికి, అది రవి మీద కోపం కాదని తెలిసిపోయింది.

ఇంట్లో నాన్న అప్పటికే మొదలుపెట్టాడు. "నాయనమ్మ చెప్పిందిలే, నువ్వూ రా. ముందు అక్కకి సారీ చెప్పు."

"చెప్పను. నేను చెయ్యలా" అన్నాడు రవి.

"ఇంకా అదే మాటా!" నాన్న చెయ్యి లేచింది.

"నాన్నా, ఆగు!" దీపిక మధ్యలోకి వచ్చింది. "వాడు చెయ్యలేదు. నేనే. డిస్కు ఎక్కుతుంటే గేమ్ ఆడా. అందుకే అయ్యి పోయినయ్. వాడు తిప్పింది నేను పారేసిందే. నిన్నటిది గూడా నేనే తప్పుగా చేశా."

నాన్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"నేను గూడా అడగకుండానే కొట్టా రా" అని రవి తల మీద చెయ్యి వెయ్యబోయాడు. రవి తల పక్కకి తిప్పుకున్నాడు.

"సారీ రా" అంది దీపిక.

"నిన్న నాయనమ్మోళ్లింట్లో అందరి ముందూ నేనే అని చెప్పావంట. ఎల్లమ్మ పెద్దమ్మ అడిగింది, ఎందుకు గీకావురా అని." రవి అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడేమో ఇంట్లో సారీ చెప్తావా?"

ఆ సాయంత్రం చాపలన్నీ మళ్లీ నిండాయి. నాయనమ్మ "ఏయవే" అంది. దీపిక డిస్కు వెయ్యలేదు. టీవీకి అడ్డంగా నిలబడింది.

"నిన్న నేను అబద్ధం చెప్పా. రవి ఏం గీకలేదు. నాకు సరిగా చెయ్యటం రాక, వాడి మీద పెట్టా."

"అయితే మా కాయలు సగంలో వదిలేయించింది నువ్వన్నమాట!" అంది ఎల్లమ్మ. కొందరు నవ్వారు. ఆదిలక్ష్మమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ పసోడ్ని నోటికొచ్చినట్టు అన్నాం గదే. ఇట్టా రారా అయ్యా" అని పిలిచి, రవిని అందరికంటే ముందు కూర్చోబెట్టుకుంది.

నాటకం మొదలైంది. టీవీలో సిపాయి కనపడగానే అందరూ చప్పట్లు కొట్టారు. రవి ఒక్కసారి కూడా అక్క వైపు చూడలేదు.

* * *

ఎల్లమ్మ తనకూ ఒక డిస్కు కావాలంది. మళ్లీ ఆదివారం దీపిక కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏం చేస్తోందోనని రవి వచ్చి, కాస్త దూరంగా నిలబడ్డాడు.

ట్రే లోపలికి వెళ్లిన వెంటనే బయటికొచ్చేసింది. తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి.

రవి రెండు చేతులూ వీపు వెనక దాచుకుని, గోడ దాకా వెనక్కి జరిగాడు.

దీపిక వాడి చేతుల వైపు చూసింది. కుర్చీలో పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఇట్రా. ఏం రాసుందో చదువు."

రవి కదల్లేదు. కాసేపాగి ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చుని, వేలు పెట్టి చదివాడు.

"డిస్క్... ఈజ్... నాట్... ఎంప్టీ. అంటే ఖాళీగా లేదనా?"

దీపిక ట్రేలోది తీసి తిప్పి చూసింది. పోయిన ఆదివారం రాసిన ఫైళ్ల డిస్కే అది.

"ఇది ఎవురు పెట్టారు?" అన్నాడు రవి, కళ్లు చిట్లించి.

"నేనే పెట్టా" అంది దీపిక.