రెండో రివాల్వర్

ఏజెంట్ అభినయ్‌ని వెనక నుంచి కాల్చారు. శవం నగర శివారు మనురేవాలో ఒక గరాజ్ వెనక, వానలో తడుస్తూ దొరికింది.

"వాడు ఎవరికీ వీపు చూపించే రకం కాదు దామోదర్, నమ్మినవాళ్ళకు తప్ప," అన్నాడు చీఫ్ రాఘవయ్య ఫోన్‌లో. "ఆ పూట వాడితో ఉన్నది మనస్విని ఒక్కతే."

"ఆమె మన ఏజెంట్ సార్. ముఠాలోకి మనమే పంపాం."

"ఇప్పుడు ఎవరి ఏజెంటో నువ్వు తేల్చాలి. సైంటిస్ట్ ఇందిరాదేవి శనివారం శాండ్రింగ్‌హామ్ పేటలో ఒక రెస్టారెంట్‌కి భోజనానికి వస్తోంది. ఆమెను అక్కడే లేపేస్తారట. అందుకు ఫిజీ నుంచి వచ్చిన హంతకుడు మన కస్టడీలో ఉన్నాడు. వాడి మొహం ముఠాలో ఎవరికీ తెలీదు, వాడి బదులు నువ్వు వెళ్తున్నావ్."

శనివారం మధ్యాహ్నం పూల చొక్కా, మెళ్ళో లావుపాటి గొలుసుతో దామోదర్ ఆ రెస్టారెంట్ ఎదురుగా, ముఠా అడ్డా అయిన కిరాణా షాపులో అడుగుపెట్టాడు.

"జీలకర్ర తాజాదేనా?"

"మొన్ననే ఓడ దిగింది," అన్నాడు ఓనర్ శేషయ్య. అది కోడ్. వెంటనే పైగదికి తీసుకెళ్ళాడు.

కిటికీ దగ్గర మనస్విని, దామోదర్‌ని ఎరగనట్టే నిలబడి ఉంది. నల్లటి లెదర్ జాకెట్, ఎర్రటి లిప్‌స్టిక్. బల్ల మీద నూనెగుడ్డలో రెండు పాత రివాల్వర్లు.

"ఒకటి నీకు, ఒకటి మేడమ్‌కు. సెకండ్ హ్యాండే గానీ మస్తు పీసులన్నా," అన్నాడు శేషయ్య.

"చూసి తీసుకుంటా."

దామోదర్ మొదటిదాని సిలిండర్ తెరిచి ఖాళీగా ఉందని చూసుకున్నాడు. బారెల్‌ని వెలుతురుకేసి పట్టాడు. లోపల శుభ్రంగా ఉంది. హామర్ వెనక్కి లాగి సిలిండర్‌ని కదిపి చూశాడు. కదల్లేదు. మంచి పీస్.

రెండోది పైకి ఇంకా తళతళలాడుతోంది. సిలిండర్, బారెల్ బాగానే ఉన్నాయి. హామర్ లాగగానే అతని చూపు ఆగిపోయింది. తూటాను కొట్టాల్సిన ఫైరింగ్ పిన్ మొన విరిగిపోయి ఉంది. ఈ గన్ పేలదు.

వద్దని పక్కన పెట్టాల్సిందే. ఒక్క క్షణం ఆలోచించి దాన్ని మనస్వినికి అందించాడు.

"ఇది మేడమ్‌కి. చేతికి తేలిక."

శేషయ్య రెండిట్లోనూ తూటాలు నింపి, మెట్ల దాకా వెళ్ళి కిందికి తొంగిచూశాడు. దామోదర్ గొంతు తగ్గించాడు.

"మనిద్దరం కాల్చం. వాడు సిగ్నల్ ఇవ్వగానే వాణ్ణే పట్టుకుంటాం."

"నాకు తెలుసులే," అని నవ్వింది మనస్విని. చీఫ్ అనుమానం తప్పయితే బాగుండునని ఆ నవ్వు చూసి కోరుకున్నాడు.

ఎదురుగా ఉన్న రెస్టారెంట్ ముందు కారు ఆగింది. ఇందిరాదేవి శాలువా సర్దుకుంటూ దిగింది.

"కొట్టుండ్రి!" అన్నాడు శేషయ్య, కిటికీ దగ్గరికి ఉరికొచ్చి.

మనస్విని గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కింది. క్లిక్. మళ్ళీ నొక్కింది. క్లిక్. గిర్రున తిరిగి దామోదర్ నుదుటికి గురిపెట్టి నొక్కింది.

క్లిక్.

అప్పటికే అతని రివాల్వర్ ఆమె గొంతుకు ఆనుకుని ఉంది. సివిల్ డ్రెస్‌లో బయట కాపుకాసిన పోలీసులు దడదడా మెట్లెక్కుతున్నారు.

"పేలదని నీకు ముందే తెలుసు," అంది మనస్విని.

"గన్ సంగతి తెలుసు. నీ సంగతి ఇప్పుడే తెలిసింది. అభినయ్‌ని కూడా ఇంత దగ్గర్నుంచే కాల్చావా?"

మనస్విని రివాల్వర్‌ని నేల మీద పడేసింది. కింద ఇందిరాదేవి ఏమీ ఎరగకుండా రెస్టారెంట్‌లోకి వెళ్ళిపోయింది.

చేతులకు బేడీలు పడ్డాక శేషయ్య నేల మీది రివాల్వర్ కేసి దిగులుగా చూశాడు.

"ఖరాబ్ ఉందని ముందే చెప్పొద్దా అన్నా? వేరే పీస్ ఇస్తుంటి కదా!"