గోడ బయట ఆగిన బస్సు

"మీ గోడ ఏడొందల ఏళ్ళుగా నిలబడే ఉంది. నేను ఇంకో పది నిమిషాలు కూడా నిలబడలేను!"

జూన్‌లో బస్సు డ్రైవర్ గెతిన్ నెరిస్‌తో అన్న మొదటి మాట అదే. కాన్వీ ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ బయట, మిల్లు ద్వారం పక్కన బస్సు ఆపుకుని ఒకటే హారన్ కొడుతున్నాడు. నెరిస్ ఊరు చూపించే గైడు. బస్సెడు ముసలివాళ్ళను గోడ మీద నడిపించి, దింపి, వాళ్ళు మర్చిపోయిన గొడుగులు ఏరి తెచ్చేసరికి ఆలస్యమైంది.

"వాళ్ళ మోకాళ్ళకు హారన్ వినపడదండీ."

"మా ఆఫీసుకు మోకాళ్ళ గొడవ అక్కర్లేదండీ."

అలా మొదలైంది. వేసవంతా ఆ బస్సు వస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ హారన్. ప్రతిసారీ నెరిస్ విసవిసా వెళ్ళి డ్రైవర్ కిటికీ కింద నిలబడి దులిపేసేది. అతనూ తగ్గేవాడు కాదు. ఒకసారి తిడుతూ తిడుతూనే ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. ఆమె తాగుతూ తాగుతూనే తిట్టింది.

సెప్టెంబర్ చివరికి నెరిస్ అరిగిపోయింది. పొద్దున ఒక గుంపు, మధ్యాహ్నం ఇంకో గుంపు. అవే బురుజులు. గోడలో కట్టిన పాతకాలపు మరుగుదొడ్ల దగ్గర అదే జోకు, అదే నవ్వు. చెప్తుంటే తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించేది. ఇంటికెళ్ళాక బూట్లు విప్పే ఓపిక లేక గుమ్మంలోనే కూర్చుండిపోయేది. వచ్చే ఏడు రానని ఆఫీసులో చెప్పేసింది. మరేం చేస్తుందో ఆమెకే తెలియదు.

ఆ ఏటి చివరి బస్సు వచ్చిన రోజు వాన. సముద్రం మీంచి అడ్డంగా కొడుతోంది. సగం దారిలో నెరిస్ గొంతు పూర్తిగా పోయింది. అప్పుడే మిసెస్ ప్యూ అనే పెద్దావిడ, అన్నిటికంటే ఎత్తైన బురుజు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

"నేను కదలను. ఈ గాలి నన్ను ఎత్తుకుపోతుంది."

నెరిస్ మిగతావాళ్ళను కిందికి పంపేసి, గుసగుసగానే ఆవిడను బతిమాలింది. లాభం లేకపోయింది. కింద హారన్ మోగింది. మళ్ళీ మోగింది. తర్వాత ఆగిపోయింది. కాసేపటికి మెట్ల మీద బూట్ల చప్పుడు.

గెతిన్ పైకొచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచి, గోడ అవతలికి చూశాడు. అంతే, మొహం పాలిపోయింది. రాతిని కరుచుకుని నెమ్మదిగా కూలబడ్డాడు.

"ఏమైందండీ?"

"ఎత్తు. నాకు పడదు. చిన్నప్పట్నుంచీ అంతే."

"మరెందుకు ఎక్కారు?"

"మీరు రాలేదు కదా."

మిసెస్ ప్యూ అతన్ని ఎగాదిగా చూసింది. "అయ్యో అబ్బాయ్, నీకంటే నేనే నయం. ఇలా చెయ్యియ్యి."

ఇద్దరూ చేతులు పట్టుకుని, తడి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే జరుగుతూ దిగారు. నెరిస్ వాళ్ళకు ఎదురుగా వెనక్కి దిగుతూ వచ్చింది. మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. గొంతు లేదు, భుజాలు మాత్రం ఊగాయి. నవ్వి ఎన్నాళ్ళైందో.

కింద కాలు ఆనగానే మిసెస్ ప్యూ కోటు దులుపుకుని బస్సెక్కేసింది. గెతిన్ గోడకు చేరగిలబడి బురదలోనే కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేక నెరిస్ కూడా అతని పక్కన కూర్చుంది.

"టీ ఇస్తారు, ముసలావిడ చెయ్యి పట్టుకుని దింపుతారు. మరి చెవులు పగిలేలా ఆ హారన్ ఏంటండీ?" గుసగుసగానే అడిగింది.

గెతిన్ చేతులకంటిన బురదను ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"కొట్టకపోతే నువ్వు వాళ్ళను ద్వారం దగ్గరే వదిలేసి ఇంటికెళ్ళిపోతావు. కొడితే వచ్చి తిడతావు."

"మరి మీ ఆఫీసు?"

"బస్సు కదలాల్సింది ఎప్పుడూ ఇంకో అరగంట తర్వాతే."

అతని నోట 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ఇద్దరికీ తెలిసింది. ఎవరూ దిద్దలేదు.

"నేను వచ్చే ఏడు రాను గెతిన్."

"విన్నాను. అందుకే ఇవాళ చెప్పేయాలనుకున్నా. ఇలా బురదలో కూర్చుని చెప్తాననుకోలేదు. నువ్వంటే నాకు ఇష్టం."

నెరిస్ కళ్ళు మూసుకుంది. "అవుననడానికీ, కాదనడానికీ నాకిప్పుడు ఓపిక లేదు."

"ఏమీ అనకు. బస్సెక్కు."

"ఎక్కడికి?"

"ముందు వీళ్ళను లాండుడ్నోలో హోటల్ దగ్గర దింపుతా. తర్వాత వేడివేడిగా చేప, చిప్స్. ఆ తర్వాత నీ ఇష్టం."

"నా ఇష్టం అనకు. అందరికీ ఎటు పోవాలో చెప్పీ చెప్పీ విసిగిపోయాను."

"సరే, అయితే నేనే చెప్తా. ముందు సీట్లో కూర్చో."

కూర్చుంది. నది మీద వంతెన దాటకముందే నిద్రపోయింది. వెనక ఎవరో కోట గురించి ఏదో అడగబోతే మిసెస్ ప్యూ "ష్!" అని గదిమి, తన శాలువా తీసుకొచ్చి నెరిస్‌కు కప్పింది.

ఇంజిన్ ఆగిన చాలాసేపటికి నెరిస్ సగం కళ్ళు తెరిచింది. "వచ్చేశామా?"

"ఇంకా లేదు. పడుకో," అన్నాడు గెతిన్.

ఆమె తల తిప్పి చూసింది. సీట్లన్నీ ఖాళీ. బయట హోటల్ దీపాలు వానలో కరిగిపోతున్నాయి. ఆమె అతని చేతిమీద తన చెయ్యి వేసి, మళ్ళీ కళ్ళు మూసుకుంది.