అక్కడ సలి ఉన్నదా, బిడ్డా?

"ఈసారి ఫారినే," అన్నాడు చీఫ్ కృష్ణారావు.

వర్ష వెంటనే నమ్మలేదు. డిపార్ట్‌మెంటులో చేరినప్పటి నుంచీ ఆమె సీక్రెట్ మిషన్లు మేడ్చల్ జిల్లా పొలిమేర దాటలేదు. జీడిమెట్లలో కెమికల్ డ్రమ్ముల వెనక మాటు. కుత్బుల్లాపూర్‌లో బ్యూటీపార్లర్ అమ్మాయి వేషం. తోటి ఏజెంట్లు ఇస్తాంబుల్ నుంచీ సింగపూర్ నుంచీ తెచ్చిన చాక్లెట్లు తిని, బాగున్నాయని చెప్పడమే ఇంతవరకూ ఆమెకు దక్కిన విదేశీ అనుభవం.

గుండ్లపోచంపల్లిలో ఒక గోదాము వెనక గది అది. గోడ మీద ఒక తెల్లవాడి ఫొటో వెలిగింది.

"మార్టిన్. కోడ్‌నేమ్ ప్రొఫెసర్. తాలిన్‌లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ సమ్మర్ కోర్సు నడుపుతున్నాడు. ఫీజు లేదు, విమానం టికెట్ కూడా వాడే పంపుతాడు. విచిత్రం ఏంటంటే, సీట్లన్నీ మన శామీర్‌పేట ల్యాబుల్లో పనిచేసేవాళ్ల పిల్లలకే వస్తున్నాయి."

"మా నాయిన గూడ ఆడనే గద సార్ పనిచేసేది."

"అందుకే నువ్వు. స్టూడెంటుగా వెళ్తున్నావు. అక్కడ మనవాడు ఒకడుంటాడు. 'మేడ్చల్‌లో వాన పడిందా?' అంటాడు. 'మబ్బే గానీ వాన లేదు' అనాలి."

వర్ష తండ్రి సిద్దిరాములు ఒక వ్యాక్సిన్ ల్యాబులో కోల్డ్‌రూమ్ ఇన్‌చార్జి. వ్యాక్సిన్‌కు మూలమైన సీడ్ వైరస్ పెట్టె ఉండేది అక్కడే. ఆ గది తలుపు ఆయన గొంతుకు తప్ప తెరుచుకోదు. సెలవులో ఉంటే ఫోనులో చెబుతాడు, మెషీన్ గొంతు సరిపోల్చుకుని పచ్చ లైటు వెలిగిస్తుంది. ఆ మెషీన్ అంటే ఆయనకు మహా గర్వం. కూతురు ఏం ఉద్యోగం చేస్తుందో మాత్రం ఆయనకు తెలీదు. ఎన్ని చదువులు చదివినా కొలువు దొరకని పిల్ల అనుకుంటూ, పైకి ఏమీ అనకుండా, వచ్చే జీతంతోనే నెట్టుకొస్తున్నాడు.

తాలిన్ అందమైన ఊరని వర్ష విన్నది. విన్నదే, చూసింది లేదు. రాత్రి పదకొండైనా వెలుగు తగ్గని ఆ ఊళ్లో, కిటికీ లేని నేలమాళిగలో కూర్చుని మ్యాట్రిక్సులు గుణించింది. ఊరు చూద్దామంటే హోంవర్కు. హోంవర్కు మానేద్దామంటే స్టూడెంటు వేషం, అంటే కవర్, పోతుంది. మొదటిరోజే ప్రొఫెసర్ బోర్డు మీద రాశాడు: మోడల్ అంటే మీరు పెట్టిన డేటానే, ఇంకేమీ కాదు. వర్ష దాన్ని నోట్ చేసుకుంది గానీ ఒక్క ముక్క ఎక్కలేదు. క్లాసులో అందరికన్నా తక్కువ మార్కులు ఆమెవే. నటన అనుకుని ప్రొఫెసర్ అనుమానిస్తాడేమోనని భయపడింది. కాదు, అవి నిజమైన మార్కులే.

అసిస్టెంట్ జయకృష్ణది కాకినాడ. లినెన్ సూటు, చిరునవ్వు, అతను గదిలోకి వస్తే అమ్మాయిల కళ్లన్నీ బోర్డు వదిలేసేవి. రెండోరోజు కాఫీ కప్పు అందిస్తూ మెల్లిగా అడిగాడు.

"మేడ్చల్‌లో వాన పడిందాండీ?"

"మబ్బే గానీ వాన లేదు," అంది వర్ష పళ్లు బిగించి. ప్రొఫెసర్‌కు కుడిభుజం, మనకూ ఏజెంటు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాణ్ణి ఎలా నమ్మడం?

ప్రతి సాయంత్రం నాయిన ఫోన్ చేసేవాడు. విదేశం కదా, మాట అంత దూరం చేరుతుందో లేదోనని ఊరంతా వినబడేలా అరిచేవాడు. "ఆఁ! వినబడ్తాందా? తిన్నవా? అక్కడ సలి ఉన్నదా, బిడ్డా? స్వెట్టరేసుకో!"

ఆ వారమే ప్రాజెక్టు ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లు ఫోనులో మాట్లాడిన మాటలు వీలైనన్ని రికార్డు చేసి అప్‌లోడ్ చేయాలి. వర్షకు వెంటనే కోల్డ్‌రూమ్ తలుపు గుర్తొచ్చింది. చీఫ్‌కు మెసేజ్ కొట్టింది. "వాయిస్ క్లోనింగ్ సార్. మా నాయిన గొంతు ఇయ్య."

"ఇవ్వు. లేకపోతే కవర్ పోతుంది."

"తలుపు ఆయన గొంతుకే తెరుసుకుంటది సార్. రేపు దొంగతనం ఆయన మీదికే వస్తది."

"ఇవ్వు."

ఇచ్చింది. కక్కలేక మింగలేక ఆ రాత్రి అన్నం మానేసింది. శనివారం శామీర్‌పేటలో పని అనీ, ప్రొఫెసరే స్వయంగా వెళ్తున్నాడనీ జయకృష్ణ కారిడార్‌లో చెప్పాడు.

"గొంతు మంచిగొచ్చిందా?" అంది చేదుగా.

"పర్ఫెక్ట్ అని చెప్పానండి," అన్నాడు నవ్వుతూ. ఆ చెంప ఛెళ్లుమనిపించాలని చెయ్యి పైకి లేచింది. ఎలాగో దించుకుంది.

నాయినకు తెలియకుండా విమానంలో తిరిగొచ్చి, శనివారం మధ్యాహ్నం ల్యాబు గేటు ఎదురుగా ముఖానికి కొంగు చుట్టుకుని, నేరేడుపళ్ల గంపతో కూర్చుంది వర్ష. చెవిలో ల్యాబు ఫోన్ లైన్. పక్కన స్టీలు టిఫిన్ డబ్బా, అందులో ఫోన్ మాటల్ని తెంపేసే సిగ్నల్ జామర్. నాయిన మేడ్చల్‌లో పెళ్లికి వెళ్లాడు. బ్యాండు మోతలో ఆయన ఫోను మోగినా వినబడదు. దొంగలకు అదీ తెలుసు.

"పెట్టె వ్యాన్‌లోకి ఎక్కాకే అరెస్టు. అప్పటిదాకా కదలకు," అన్నాడు చీఫ్ చెవిలో.

తెల్ల వ్యాన్ గేటు ముందు ఆగింది. లోపల ఫోన్ మోగింది. ఎత్తింది సిద్దిరాములు దగ్గర పనిచేసే బాలేష్.

"ఆఁ! బాలేష్! వినబడ్తాందా? వ్యాన్ వచ్చింది! పెట్టె ఇచ్చెయ్యి!"

అచ్చంగా నాయిన గొంతు. మెషీన్ పచ్చ లైటు వెలిగించింది, తలుపు తెరుచుకుంది. వర్షకు ఒళ్లు మండిపోయింది. అంతలో చీఫ్ గొంతు మళ్లీ. "వర్షా, రైల్వే గేటు పడింది. గూడ్సు బండి, కదిలేలా లేదు. నువ్వే ఆపు!"

ఇచ్చేదాకా ఇవ్వు ఇవ్వు అన్నారు, ఇప్పుడు ఆపమంటున్నారు! వర్ష జామర్ స్విచ్ నొక్కింది. ఎర్ర లైటు. బ్యాటరీ లేదు. ఇంకోసారి నొక్కింది. ఎర్ర లైటే.

బాలేష్ ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని గేటు దాకా వచ్చాడు. వ్యాన్ తలుపు తెరుచుకుంది. పెట్టె అందించబోతూ ఆగాడు.

"అన్నా, గంత గనం ఎందుకు మొత్తుకుంటున్నవ్? మేడ్చల్లనే ఉన్నవ్ గదా. మాతోని ఎన్నడన్న గట్టిగ మాట్లాడినవా?"

ఫోనులో ఏదో క్లిక్‌మంది.

"ఆఁ! తిన్నవా? అక్కడ సలి ఉన్నదా, బిడ్డా? స్వెట్టరేసుకో! ఒక్కదానివే బయట తిరగకు!"

మండుటెండలో చెమటలు కారుతూ నిలబడ్డ బాలేష్ తన మీసం ఒకసారి తడుముకున్నాడు. పెట్టెను వెనక్కి లాక్కుని గుండెకు హత్తుకున్నాడు.

వర్షకు కళ్లు చెమర్చాయి, వెంటనే కోపం తన్నుకొచ్చింది. ఆ మాటలు ఆమెవి. నాయిన ఆమె కోసం గొంతు చించుకున్న మాటల్ని ఎవడో దొంగ ఇలా నడిరోడ్డు మీద వాడుతున్నాడు. ప్రొఫెసర్ వ్యాన్‌లోంచి దూకి పెట్టె మీద పడబోయాడు. వర్ష టిఫిన్ డబ్బా ఎత్తి బలంకొద్దీ విసిరింది. అది నుదుటికి తగిలి వాడు నేరేడుపళ్ల మీద బోర్లాపడ్డాడు. సర్కారు ఇచ్చిన పరికరం పనికిరావడం ఆమె సర్వీసులో అదే మొదటిసారి.

"గొంతు మ్యాచ్ అయింది కదా," అని ఇంగ్లీషులో గొణుగుతున్నాడు ప్రొఫెసర్, సెక్యూరిటీవాళ్లు చేతులు విరిచి కడుతుంటే.

వ్యాన్‌లోంచి జయకృష్ణ లాప్‌టాప్ మూసి తీరిగ్గా దిగాడు.

"పర్ఫెక్ట్ అని మీరే అన్నరు గద?" అంది వర్ష.

"ఆయనకి తెలుగు రాదండి. నాకొచ్చు. ఫారిన్ ఫోనంటే మా నాన్నగారూ ఇలాగే అరుస్తారు. పక్కూరి ఫోనుకి ఈ గొంతు పనికిరాదని వినగానే తెలిసింది. అందుకే పర్ఫెక్ట్ అన్నాను."

బోర్డు మీద మొదటిరోజు పాఠం వర్షకు అప్పుడు అర్థమైంది. పాఠం చెప్పినవాడికి మాత్రం ఇంకా కాలేదు.

గూడ్సు బండి దాటాక చీఫ్ వచ్చాడు. శెభాష్ అనలేదు. "కోర్సు ఇంకా అయిపోలేదు. అప్పటిదాకా నువ్వు తాలిన్‌లో ఉన్నట్టే. మేడ్చల్ సేఫ్‌హౌస్‌లో ఉండు," అన్నాడు.

సేఫ్‌హౌస్ అంటే రేకుల గది. వర్ష వాళ్ల ఇంటి వెనక సందులోనే. ఫ్యాను తిరగదు, కిటికీ తెరిస్తే వాళ్ల డాబా. సాయంత్రం ఫోను మోగింది. నాయిన డాబా ఎక్కాడు.

"ఆఁ! వినబడ్తాందా? ఇయ్యాల ఎవడో నా లెక్క మాట్లాడి నన్ను దొంగను జేద్దామని జూసిండు, బిడ్డా! మా బాలేష్ పట్టిండు! నా ఇజ్జత్ నిలవెట్టిండు! అక్కడ సలి ఉన్నదా?"

"మస్తు సలి నాయినా," అంది వర్ష చెమట తుడుచుకుంటూ. "స్వెట్టరేసుకున్న."

ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. వర్ష ఫోను పక్కన పెట్టి కిటికీ దగ్గర కూర్చుని, మిగతాదంతా అక్కడి నుంచే వింది.