మూత తీయని బావగారు

ఏజెంట్ కందిరీగకు శత్రువుల మీదకన్నా బావగారి మీదే కోపం ఎక్కువ. ఆయన డబ్బా మీద కాగితం చదువుతారే తప్ప మూత తీసి చూడరు. ‘పంచదార’ అని రాసుంటే చాలు, లోపలున్న ఉప్పే కలుపుకుంటారు. పైగా కాఫీ పొడి మంచిది కాదంటారు. ఇంట్లో అయితే ఒక కప్పుతో పోతుంది. ఆయనే గూఢచారి శాఖకు చీఫ్ కూడా కావడం దేశానికి పట్టిన శని.

ఆ ఉదయం కంట్రోల్ రూమ్‌లో బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగిసింది.

“డేగ అమ్ముడుపోయాడు. వాడున్న ఇల్లు పేల్చేస్తున్నాం.”

డేగ అంటే కందిరీగ భర్త. చీఫ్‌కు స్వయానా తమ్ముడు.

“రుజువేంటి సార్?” ఆఫీసులో ఆయన సారే.

“వాడు పంపిన మూడు ప్యాకెట్లూ గేటు దగ్గరే ఫెయిలయ్యాయి. నకిలీ సరుకు. నెమలి పంపింది పాసైంది. శత్రువుల స్థావరమని అందులో ఉన్న అడ్రసు వాడి ఇల్లే.”

“పాపం, నేనే నమ్మలేకపోతున్నా,” అంది ఏజెంట్ నెమలి, చలువ కళ్లద్దాలు సర్దుకుంటూ. ఆమె కన్నా ముందు ఆమె సెంటు గదిలోకి వస్తుంది.

గేటంటే వచ్చిన సందేశాల ప్యాకెట్లను తనిఖీ చేసే ప్రోగ్రామే. కందిరీగ దాని కోడ్ తెరిచింది. జావాస్క్రిప్ట్. వచ్చిన బైట్లు Uint8Array అనే డబ్బాలో ఉండాలి. దాన్ని తేల్చడానికి గేటు అడుగుతున్నది ఒక్కటే ప్రశ్న: instanceof. అంటే, ‘నువ్వు మా ఇంటి పిల్లవేనా?’

డేగ ప్యాకెట్లు విడిగా, పేజీ లోపలి పేజీలాంటి ఒక ఐఫ్రేమ్‌లో తెరుచుకుంటాయి. ప్రతి ఫ్రేమ్‌కూ తన Uint8Array తనకుంటుంది. బైట్లు అసలువే, పుట్టిల్లు వేరు. అందుకే గేటు మెడపట్టి గెంటేసింది. నెమలి ప్యాకెట్ ఉత్త బొమ్మ. దానికి ఈ ఇంటి ప్రోటోటైప్, అంటే ఇంటిపేరు, తగిలించారు, అంతే. లోపల బైట్లు లేవు, అడిగినప్పుడల్లా ఒక్కో జవాబిచ్చే ఫంక్షన్లున్నాయి.

“టీమ్ రెడీ సార్,” స్పీకర్‌లో గొంతు. “ఆర్డరివ్వండి.”

చీఫ్ మైకు అందుకున్నారు.

“ఆగండి బావగారూ!”

“మొగుడి మీద ప్రేమ సాక్ష్యం కాదమ్మా.”

“మీరు ఇంటిపేరు అడిగారు. కడుపులో ఏముందో అడగలేదు.” ఆమె ArrayBuffer.isView అని టైప్ చేసింది. డేగ ప్యాకెట్లకు true. నెమలిదానికి false. “ఇది ఎక్కడ పుట్టావని అడగదు. నిజంగా బైట్లున్నాయా అనే చూస్తుంది. కావాలంటే నెమలి అడ్రసు ఇంకోసారి చదివించండి.”

చదివించారు. ఈసారి రేవు దగ్గరి గోడౌన్ అని వచ్చింది. ఇందాక చీఫ్‌కు ఒక జవాబు, ఇప్పుడు ఇంకోటి.

నెమలి చెయ్యి లిప్‌స్టిక్ మీదకు వెళ్లింది. ఆ రంగు ఆమె పెదవుల మీద ఎన్నడూ లేదని కందిరీగ ఎప్పుడో గమనించింది. చీఫ్ బల్ల మీది కాఫీ తీసి ఆమె మొహాన కొట్టింది. లిప్‌స్టిక్ పేలి పైకప్పుకు చిల్లు పడింది. గార్డులు నెమలిని ఈడ్చుకుపోయారు.

“ఆపండి! ఎవరూ పేల్చొద్దు!” చీఫ్ మైకులో అరిచారు.

తర్వాత డేగ ప్యాకెట్లు వరసగా తెరిచారు. ‘నాతో ఉన్న వైర్‌లెస్ అమ్మాయిని పట్టుకున్నారు. త్వరగా రండి.’ రెండోది: ‘ఇంకా బతికే ఉంది.’ మూడోది: ‘ఇక రానక్కర్లేదు.’



“సార్, డేగ ఇక్కడే ఉన్నాడు,” అంది స్పీకర్. “ఏమైనా చెప్తారా?”

చీఫ్ మరదలి వైపు చూశారు. ఆమె మైకును ఆయన ముందుకు జరిపింది, కాఫీ కప్పు జరిపినట్టే.

“ఒరేయ్ తమ్ముడూ,” అన్నారాయన. “తప్పు నాదేరా. మూత తీయలేదు.”